మామిడికాయ కోసిన మూడోనాటికి చేతులు భగ్గుమంటున్నాయి, ఏటి చెయ్యమంటారు?

కిమిడి పచ్చళ్లమ్మ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను, పదకొండేళ్లయింది. ఇటు బరంపురం, అటు పాతపట్నం, టెక్కలి దాకా మన ఆవకాయ సీసాలు వెళ్తాయి. ఈ ఏడు సీజను మొదలైన కాణ్ణుంచీ నా చేతులు నా మాట వినడం లేదు.

ముందు కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దురద వచ్చింది. చూస్తే గసగసాలంత నీటిపొక్కులు. గోకితే పగిలి నీరు కారాయి. ఆరాక పొట్టు లేచిపోయి, కింద చర్మం ఎర్రగా, ఉల్లిపొర లాగ పల్చగా తయారైంది. ఇప్పుడు వేళ్ల కణుపుల దగ్గర చీలికలు. ఆవపిండిలో చెయ్యి పెడితే ప్రాణం జివ్వుమంటోంది. మొన్న ఎడమ కంటి రెప్ప కూడా ఉబ్బింది. మెడ పక్కన ఒక ఎర్రచార, నాలుగు వేళ్ల పొడుగున.

ఇప్పటిదాకా చేసినవన్నీ చెబుతాను, తిట్టకండి. వేపాకు నూరి రాశాను. పసుపు పెట్టాను. క్రిములు చస్తాయని నిమ్మచెక్కతో రుద్దాను. పక్కింటి ఒడియా మావుసి ఆవనూనె వెచ్చబెట్టి తెచ్చింది, ప్రేమగా తెచ్చిందని కాదనలేక రాసుకున్నాను, ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. ఆఖరికి మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. మూడు రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గింది. ఆపిన వారానికి రెట్టింపయింది. మళ్లీ రాశాను. ఇప్పుడు మూడో ట్యూబు నడుస్తోంది.

పథ్యం కూడా చేస్తున్నాను. వంకాయ, గోంగూర, గుడ్డు, ఎండుచేప ఇంట్లోకి రానివ్వడం లేదు. మా ఆయనకి ఎండుచేప లేనిదే ముద్ద దిగదు, రోజూ పంచాయితీయే. రక్తం చెడిందని అత్తగారు తీర్మానించేశారు. సుగరు చూపించుకున్నాను, లేదు.

అడిగేది రెండే. ఇది తిండి వల్ల వచ్చిందా? ఇంకా నలభై సీసాల ఆర్డరు ఉంది, ఇంటి దగ్గర ఈ చేతుల్ని ఎలాగ కాపాడుకోవాలి? పని మానెయ్యమని మాత్రం చెప్పకండి, పాప కాలేజీ ఫీజు ఈ చేతుల మీదే ఉంది.


బరంపురం మగ్గం

అమ్మా, ముందు ఆ ట్యూబు పారెయ్యండి. అవి అలవాటు పడితే వదలవు. మా నాన్న యాభై ఏళ్లు పట్టు మగ్గం మీద కూచున్నాడు, చేతులకి ఆవనూనె తప్ప ఇంకోటి ఎరగడు. మీకు మండిందంటే అది కల్తీ నూనె. గానుగలో దగ్గరుండి ఆడించుకోండి. రాత్రి త్రిఫల చూర్ణం వేసుకోండి, కడుపు బాగుంటే చర్మం అదే బాగవుతుంది. డాక్టర్ల చుట్టూ తిరిగితే డబ్బులు వదలడం తప్ప ఏమీ లేదు.


రాయగడ సిస్టరమ్మ

చెల్లీ, తిట్టను గానీ నిమ్మచెక్క దగ్గరకి వచ్చేసరికి తల పట్టుకున్నాను. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను, అందులో ఏడేళ్లు చర్మం ఓపీలో. డాక్టర్ని కాను, మందు రాయను. కళ్లారా చూసింది చెబుతాను.

జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. బొటనవేలు, చూపుడువేలు, కనురెప్ప, మెడ. కత్తి పట్టేవి ఆ వేళ్లే. కన్ను నలుపుకునేవీ అవే. చెమట పడితే మెడ తుడుచుకునేవీ అవే. రక్తం చెడితే ఇంత లెక్కగా కత్తి పట్టిన చోటే బయటపడుతుందా? మీ అత్తగారికి నా మాటగా చెప్పు.

ముచ్చిక విరవగానే చిమ్ముతుందే సొన, నా అనుమానం దాని మీద. మామిడీ, జీడిమామిడీ, చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడీ ఒకే కుటుంబం చెట్లు. వాటి సొనలో, పిక్క పెంకులో ఉండే జిడ్డు కూడా ఒకే తరహా. ఒకదానికి ఒళ్లు ఎదురుతిరిగితే రెండోదానికీ తిరగొచ్చు. చిన్నప్పుడు జీడిపిక్కలు కాల్చుకు తిన్నావా? మన వైపు తినని గుంట ఎవరులే. 1936లో ఒరిస్సాని వేరే రాష్ట్రం చేసి సరిహద్దు గీత గీసినవాళ్లు జీడితోటల్ని అడిగి గియ్యలేదు. మీ కొండల వెంటా అవే చెట్లు, అటు మందస, పలాసలోనూ అవే.

పదకొండేళ్లు లేనిది ఇప్పుడెందుకు వచ్చిందంటావు. ఎలర్జీ తీరే అంత. ఏళ్ల తరబడి ఊరుకుని ఊరుకుని ఒకనాడు ఒళ్లు గుర్తుపడుతుంది, ఇక మరిచిపోదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. తగిలిన వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు తీసుకుంటుంది. ఆదివారం కాయలు కోస్తే మంగళవారం దురద. మంగళవారం కూచుని మనిషి సోమవారం తిన్న వంకాయని నిందిస్తుంది గానీ ఆదివారం పట్టిన కాయ గుర్తు రాదు. మీ ఆయన ఎండుచేప ఆయనకి ఇచ్చెయ్యమ్మా.

సొన ఒక్కటే అని కూడా అనను. అది తలుపు తీసింది, తీసిన తలుపులోంచి మిగతావన్నీ దూరుతున్నాయి. ఆవపిండి, కారం, ఉప్పు, వెల్లుల్లి, గిన్నెలు తోమే సబ్బు. మంచి చర్మం కొంచెం పులుపు వైపు ఉంటుంది, పులుపు కొలిచే పీహెచ్ లెక్కలో 5 చుట్టుపక్కల. ఆ అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గి క్షారం అవుతుంది. మామూలు ఒంటిసబ్బు 9, 10 ఉంటుంది. గిన్నెల సబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజుకి పదిహేనుసార్లు చేతులు తోముకుంటే చర్మంలో ఉన్న సహజమైన జిడ్డంతా పోయి, పెచ్చులూడిన గోడలా అవుతుంది.

ఆవనూనె సంగతి. మగ్గం తమ్ముడూ, కోప్పడకు. ఆవపిండి మంట దేనివల్లో ఆవనూనె ఘాటు కూడా దానివల్లే. ఆవపిండికి మండిన చెయ్యి ఆవనూనెకి చల్లబడుతుందా? మీ నాన్నగారి చేతులకి పొట్టు లేచి ఉండదు, సరిపోయింది. పగిలిన చర్మానికి అది మాననివ్వదు. గానుగదైనా, కల్తీదైనా. నిమ్మకాయ ఇంకో రకం ముప్పు. రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి. వేపాకు, పసుపు గురించి చెడ్డమాట అననుగానీ, పొట్టు లేచిన చోట ఏ ముద్ద పెట్టినా అది ఇంకో పరాయి వస్తువే. పసుపుకే ఎలర్జీ ఉన్నవాళ్లని నేను చూశాను.

ఇప్పుడు ట్యూబు. దాని మీద సన్న అక్షరాల్లో ఏముందో చదువు. క్లోబెటసాల్ అని ఉందా? పక్కన నియోమైసిన్ (బాక్టీరియా మందు), మైకోనజోల్ (తామర మందు) లాంటి ఇంకో రెండు పేర్లు ఉన్నాయా? క్లోబెటసాల్ పూతమందుల్లో అన్నిటికంటే ఘాటైన స్టెరాయిడు. డాక్టరు లెక్క కట్టి కొన్నాళ్లు రాస్తే మంచి మందే. లెక్క లేకుండా మూడు ట్యూబులు రాస్తే చర్మం పల్చబడుతుంది. ఉల్లిపొర అన్నావే, అందులో ట్యూబు వాటా ఎంతో నాకు అనుమానమే. నియోమైసినే కొందరికి ఎలర్జీ తెస్తుంది, అంటే మందే జబ్బు. స్టెరాయిడుని తామరకి రాస్తే దురద అణిగి తామర మాత్రం లోపల్లోపల పాకుతుంది. 2018లో స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. కౌంటరు మీద పెట్టి కూరగాయల్లా అమ్ముతారు, అది వేరే కథ. కనురెప్పకి, మెడకి మాత్రం ఆ ట్యూబు ముట్టించకు.

చేతులు కాపాడుకోవడం అడిగావు. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఏం రాయాలి అని అడిగేవాళ్లు, ఏం మానాలి అని అడిగినవాళ్లు తక్కువ. ముందు సొన చేతికి అంటకూడదు. కొంటే మందంగా ఉండే వినైలు తొడుగులు కొను. పల్చటి రబ్బరు తొడుగుల్లోంచి ఆ జిడ్డు లోపలికి దిగుతుంది, పైగా రబ్బరే కొందరికి పడదు. లోపల నూలు తొడుగులు వేసుకో, చెమట పీల్చుకుంటాయి. ఇరవై నిమిషాలకి ఒకసారి తీసి ఆరబెట్టు. తడిసిన తొడుగులు తొడుక్కోవడం కంటే ఖాళీచేతులే నయం.

సొన అంటితే ఎంత తొందరగా కడిగితే అంత మంచిది. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు. రుద్దకు, మెత్తటి గుడ్డతో అద్దు. తడి పూర్తిగా ఆరకముందే తెల్లటి పెట్రోలియం జెల్లీ పుయ్యి. ఆరిపోయాక పూస్తే సగం ఫలితం. వాసనా రంగూ లేని సాదా రకం తీసుకో, ఖరీదైనది అక్కర్లేదు. అది పడకపోతే కొబ్బరినూనె. పడుకునే ముందు మందంగా పట్టించి పాత నూలు సాక్సులు చేతులకి తొడుక్కో. మీ ఆయన నవ్వితే నవ్వనీ. నీరు కారుతున్న చోట మాత్రం జెల్లీ వద్దు. చల్లటి నీళ్లలో తడిపి పిండిన నూలుగుడ్డ పావుగంట వెయ్యి, కనురెప్పకీ అదే.

ఉంగరం ఉందా వేలికి? దాని కింద సబ్బూ సొనా చేరి కూచుంటాయి. తీసెయ్యి.

నువ్వు అడగలేదు గానీ, ఒకసారి బరంపురం వెళ్లు. మెడికల్ కాలేజీలో చర్మం విభాగం ఉంది. మూడు ట్యూబులు అయ్యాక ఇది ఒక్క ఇంటి వైద్యానికి లొంగేది కాదు. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు ఖాళీది తీసుకెళ్లు, పేరు గుర్తు లేదనకు. ఈలోపు చీము, తేనెరంగు చెక్కు, జ్వరం, చేతి పైకి పాకే ఎర్రగీత ఏది కనబడినా, కన్ను మూసుకుపోయినా ఆ రోజే ఎవరో ఒక డాక్టరు చూడాలి. ఇంట్లో అందరికీ రాత్రిళ్లు దురద ఉంటే మాత్రం నేను చెప్పినదంతా వదిలెయ్, అది గజ్జి అయ్యుంటుంది, దారి వేరు.


కాశీబుగ్గ పిక్కలు

సిస్టరమ్మ చెప్పింది నిజమే. నాను ఇరవై ఏళ్లు పిక్కలు కొట్టినదాన్ని. జీడి అంటే ఏటో నా వేళ్లని అడగండి. పిక్క పెంకులో రెండు పొరల మధ్య ఉంటాది నూనె, కొట్టగానే చిమ్ముతాది. అంటిన చోట నల్లగా మాడి, తరవాత తొక్క ఊడొస్తాది. మా వాళ్లం కూచునేముందు చేతులకి ఆముదం పట్టించి, పైన బూడిద అద్దుకునేవాళ్లం. అదయినా సగమే కాపాడేది. ఒక ఏడు నా వేళ్లకి గీతలే మిగల్లేదు, రేషను మిషను మీద వేలిముద్ర పడక రెండు నెలలు తిరిగేను. చివరికి నా కోడలు వేలు పెట్టి తెచ్చింది.

మామిడికాయ గురించి ఒకటి చెబుతాను. కాయ తెచ్చేటప్పుడు తొడిమ కొంచెం ఉంచి కొయ్యమని తోటవాడికి చెప్పండి. ఇంటికొచ్చాక తొడిమ విరిచి, వెంటనే కాయని బోర్లించి గోనె మీద వరస పెట్టండి. సొనంతా కిందికి కారిపోతాది. గంట పోయేక నీళ్లలో వేసి కడిగి, తుడిచి, అప్పుడు కత్తి పెట్టండి. మీరు తొట్టిలో వేసి తొడిమలు చేత్తో గిల్లుతున్నారేమో, ఆ గిల్లుడే మీ కొంప ముంచింది.

ఇంకోటి, కత్తిపిడి. కర్రపిడి అయితే సొన పీల్చుకుని ఉంటాది. చేతులు ఎన్ని కడిగినా పిడి కడగరు ఎవరూ. నా కత్తిపిడి ముట్టుకుని మా చిన్నదానికి అరచెయ్యంతా పొక్కింది, అది ఒక్క పిక్కా కొట్టలేదు.


కిమిడి పచ్చళ్లమ్మ, పర్లాకిమిడి

పిన్నీ, కత్తిపిడి మాట చదివి లేచి వెళ్లి చూశాను. మా అమ్మ ఇచ్చిన కత్తి. చింతకర్ర పిడి, బొటనవేలు ఆనే చోట నున్నగా గుంట పడి, తుమ్మజిగురు పూసినట్టు నల్లగా మెరుస్తోంది. ఆ గుంటా నా పుండూ ఒకే కొలత. ఒళ్లు జలదరించింది.

తొట్టిలో గిల్లడం కూడా నిజమే. ఎలా తెలిసిందో.

సిస్టరప్పా, ఒక్క అనుమానం. అయితే నేను మామిడిపండు కూడా తినకూడదా? జీడిపప్పు?


రాయగడ సిస్టరమ్మ

జిడ్డు ఎక్కువగా ఉండేది సొనలో, తొక్కలో. ఇంకొకరు తొక్క తీసి, కడిగి, ముక్కలు కోసి పళ్లెంలో పెడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. పండుని టెంక దాకా చీకడం మానుకో, పెదవుల చుట్టూ వస్తుంది. జీడిపప్పు కాల్చి, పెంకూ పొట్టూ తీసింది మామూలుగా పర్వాలేదు. అసలు ముప్పు పచ్చిపిక్క పెంకుతోనే. కానీ తిన్నాక నోరు దురద పెట్టినా, ఊపిరి బరువైనా అది వేరే రకం ఎలర్జీ, పరిగెత్తుకుని ఆసుపత్రికి వెళ్లాలి.


బరంపురం మగ్గం

సిస్టరమ్మగారూ, ఆవనూనె మాట మా నాన్నకి చదివి వినిపించాను. ఒప్పుకోలేదు. కానీ రంగులద్దే రోజుల్లో రాసుకుంటే మండేదట, ఆ రోజులు వదిలేసి మిగతా రోజులు రాసుకునేవాడట. నాకు ఇప్పటిదాకా ఈ ముక్క చెప్పలేదు.


కిమిడి పచ్చళ్లమ్మ, పర్లాకిమిడి

ఇరవై నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ఎవరైనా నాలాగే వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని.

బరంపురం వెళ్లాను. పొద్దున్న బస్సు పట్టుకుంటే చూపించుకునేసరికి మధ్యాహ్నం దాటింది. ఖాళీ ట్యూబు చూడగానే డాక్టరమ్మ నిట్టూర్చింది, ఏమీ అనలేదు. సొన ఎలర్జీ, దాని మీద సబ్బూ ఆవపిండీ వల్ల వచ్చిన ఒరుపు, రెండూ ఉన్నాయంది. చేతులకి పది రోజులు రాయమని ఒకటి, రెప్పకి వేరేది, తక్కువ ఘాటుది. చూపుడువేలి చివరి కణుపు మీద పిండినంత మందు రెండు అరచేతుల మేరకి సరిపోతుందని వేలు మీద గీసి చూపించింది. నేను ఇన్నాళ్లూ వెన్న రాసినట్టు రాశాను.

మొదటి వారం పెద్ద తేడా లేదు. విసిగి మళ్లీ పాత ట్యూబు వైపు చెయ్యి వెళ్లింది కూడా. పాప దాచేసింది. పదో రోజుకి రాత్రి దురద లేకుండా నిద్రపోయాను. ఇప్పుడు చీలికలు మూసుకున్నాయి. కొత్త చర్మం గులాబీరంగులో, పసిపిల్ల పాదంలా ఉంది. బయటికి మానినట్టు కనబడినా లోపల గట్టిపడడానికి ఇంకా వారాలు పడుతుందట, జెల్లీ మానొద్దన్నారు.

కత్తి మాత్రం పారెయ్యలేకపోయాను. బ్లేడు అమ్మది, పిడి కొత్తది. వడ్రంగి దగ్గర పాత పిడి ఊడగొట్టించాను.

ఇక ఉంగరం. అప్ప అడిగినప్పుడు జవాబివ్వలేదు, ఎందుకంటే అది రావడం లేదు. పెళ్లినాటిది. వేలు ఉబ్బి కణుపు దగ్గర బిగుసుకుపోయింది. అత్తగారు తీయొద్దంటారు, నాకూ మనసొప్పలేదు. ఆఖరికి కంసాలి దగ్గరికి వెళ్తే సన్నదారం వేలి చుట్టూ బిగించి చుట్టి, ఒక కొస ఉంగరం కిందనుంచి లాగుతూ నెమ్మదిగా విప్పుకుంటూ వచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఊడింది. కింద చర్మం నానిన బియ్యపుగింజలా తెల్లగా, చుట్టూ ఎర్రటి గీత. అన్నిటికంటే ఎక్కువ పుండు అక్కడే ఉంది, నాకు కనబడనే లేదు. ఇప్పుడది పసుపుతాడుకి కట్టి మెడలో వేసుకున్నాను. అత్తగారు కూడా ఏమీ అనలేదు.

నలభై సీసాల్లో ముప్ఫై ఒకటి వెళ్లాయి. కాయలు మా ఆయన కోస్తున్నాడు, నేను కలుపుతున్నాను, గరిటెతో. ముక్కలు ఒక సైజులో రావడం లేదు. ఎండుచేప ఇంట్లోకి వచ్చేసింది కదా, ఏమన్నా కిక్కురుమనడు.


రాయగడ సిస్టరమ్మ

సంతోషం చెల్లీ. మరి ఆయనకి తొడుగులు వేశావా?


కిమిడి పచ్చళ్లమ్మ, పర్లాకిమిడి

ఆయన చేతికి పట్టేవి ఇక్కడ దొరకలేదప్పా. టెక్కలి వెళ్లినప్పుడు తెచ్చుకుంటానన్నాడు. అప్పటిదాకా సొన కారేదాకా కాయలు గోనె మీద బోర్లిస్తున్నాం.